ఎక్కడికని అడుగరాదా?

మన యిండ్లలో ఒక యాచారము కలదు. గడప దాటుచున్నవానిని "ఎక్కడికి?" అని అడుగరాదు. అడిగినచో పోవు పని చెడునట! తప్పనిసరియైనచో "ఎందాకా?" అని మెల్లగా అనవలెను. అదియు కానిచో తుమ్మక, దగ్గక, వెనుకనుండి పిలువక, నోరు మూసికొని నిలుచుండవలెను. పోవువాడును "పోవుచున్నాను" అనరాదు, "వెళ్లివచ్చెదను" అనవలెను. ఈ కడపటి మాటయందు మాకు ఆక్షేపణ లేదు. అది ప్రేమచే పుట్టిన మాట. మొదటి నియమమును గూర్చియే కొంత చెప్పదలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. అరువదియెనిమిదేండ్లు దానిని మేమును పాటించినవారమే. మా చేత దానిని మాన్పించినది ధర్మశాస్త్రము కాదు, సంఘసంస్కర్త యుపన్యాసము కాదు; సముద్రముల కావలనున్న యొక ఎడారి.

2023వ సంవత్సరము అక్టోబరు నెలలో మేమును మా గృహిణియు అమెరికాలోని నెవాడా రాష్ట్రమున, రీనో పట్టణమందున్న మా కుమారునింట నుంటిమి. ఆరు నెలల యనుమతితో పోయి, పిల్లలు ఉద్యోగములకు వెళ్లగా పగలంతయు కిటికీలోనుండి వీధి చూచుచు పొద్దుపుచ్చు తెలుగు తల్లిదండ్రులు ఆ దేశమున వేలకొలది గలరు. మేమును వారిలోనివారమే. మా యింటికి రెండు వీధుల కావల ఉద్యోగవిరమణ చేసిన తెలుగు వైద్యులొకరు భార్యతో నివసించుచుండిరి. ఆయనకు డెబ్బదిరెండేండ్లు, నలువదియేండ్లుగా ఆ దేశమున బండి నడపిన చేయి. ఒకనాడాయన "పిల్లలకు సెలవు దొరికేసరికి మన కాళ్ళు సెలవు పుచ్చుకుంటాయి. మనమే పోయి లాస్ వేగాస్ చూచి వద్దాం" అనిరి. మాకును పౌరుషము కలిగెను. ముసలితనమున పౌరుషము కంటె రుచియైన పదార్థము లేదు గదా!

బయలుదేరునాటి ఉదయమున మా కోడలు గడపయొద్దకు వచ్చి, "మావయ్యగారూ, ఏ దారిన వెడుతున్నారు? మధ్యలో ఎక్కడైనా ఆగుతారా?" అని యడిగెను. మేము నోరు తెరచునంతలో మా గృహిణి, "బయలుదేరేవేళ ఎక్కడికి, ఏ దారి అని ఆరాలేమిటమ్మా! చేరగానే ఫోను చేస్తాములే" అని మందలించెను. ఆ పిల్ల చిన్నబోయి, ఫలహారపు సంచి మా చేతికిచ్చి, తలుపు ప్రక్కకు తొలగెను. మేమేమియు అనలేదు. శకునము చెడలేదని లోలోపల సంతోషించితిమి కూడను. ఆనాటి మా మౌనమును తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని సిగ్గు కలుగుచున్నది.

రీనోనుండి లాస్ వేగాసు ఇంచుమించు ఏడువందల కిలోమీటర్లు. ఎడారియనగానే మనవారికి ఇసుకతిన్నెలును, ఒంటెలును, నిప్పులు చెరగు ఎండయు తోచును. ఆ దేశపు ఎడారి అట్టిది కాదు. బూడిదరంగు పొదలు, రాతినేల, ఒకదాని వెనుక నొకటిగా కొండల వరుసలు, వరుసకు వరుసకు నడుమ విశాలమైన లోయలు. పగలు హాయిగా నుండి రాత్రి యెముకలు కొరుకు చలి. కొండలమీద వసంతకాలమున గూడ మంచు కరగదు. ఇవి యన్నియు కన్నుల కింపైన దృశ్యములే. భయపెట్టునది మనుష్యులు లేకపోవుట. మేము దాటవలసిన ఎస్మెరాల్డా అను జిల్లా వైశాల్యము దాదాపు 9,300 చదరపు కిలోమీటర్లు. అనగా 2022కు ముందున్న మన కృష్ణా జిల్లాకంటె కొంచెము పెద్దది. 2011 జనాభా లెక్కలలో కృష్ణా జిల్లాయందు నలువదియైదు లక్షలమంది యుండగా, 2020 లెక్కలలో ఎస్మెరాల్డాయందు నివసించువారు 729 మంది! మన పల్లెలో ఒక పెండ్లిపందిరి క్రింద కూర్చుండువారు అంతకు తక్కువ యుండరు.

మధ్యాహ్నము దాటిన పిదప వైద్యమిత్రులు, "ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సిల్వర్ పీక్ అనే ఊరున్నది. ఉప్పునీటిని మడుగులలో ఎండబెట్టి, బ్యాటరీలకు కావలసిన లిథియం తీస్తారు. చూచి పోదాం" అనిరి. రాజమార్గము విడిచితిమి. మడుగులు చూచితిమి. మరల లాస్ వేగాసుకు దారి యడుగగా, ఫోనులోని దారిచూపు యంత్రము వచ్చిన తారురోడ్డును చూపక, కొండలవైపునకు పోవు మన్నుదారి నొకదానిని చూపెను. దగ్గరదారియట! యంత్రమునకు గీత గీతయే. అది తారుగీతయో, వాగు గర్భమున పడి పోయిన గీతయో దాని కక్కరలేదు. నలువదియేండ్లు బండి నడపిన మా మిత్రులును, నలువదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మేమును, ఆ యాడుగొంతు చెప్పిన చోటనెల్ల మలుపు తిరిగితిమి. కన్నవారి మాట గాని, కట్టుకొన్నదాని మాట గాని ఎన్నడు నింత వినయముతో వినియుండలేదు.

పది పండ్రెండు కిలోమీటర్లు పోయిన పిదప ఒక యెండిన వాగులో చక్రములు దిగబడెను. ముందునకు పోనిచ్చిన కొలది లోతు దిగెను. సాయంకాలము నాలుగు గంటలు. ఫోనులో ఒక్క గీతయైన లేదు. మాయొద్ద నున్నవి రెండు సీసాల నీరు, కోడలిచ్చిన పులిహోర, నలువురి మాత్రల పెట్టెలు. వైద్యమిత్రులు జోడు బిగించి, "నేను నడచి ఊళ్ళోకి పోయి ఎవరినైనా తీసుకొని వస్తాను" అనిరి. మేము సరేయనబోతిమి. ఆయన భార్య మాత్రము తలుపునకు చేయి అడ్డము పెట్టి, "బండి వదలి పోవడానికి వీల్లేదు. చీకటి పడితే మీరు మాకు కనబడరు, మేము మీకు కనబడము" అని పట్టుపట్టెను. ఆమె ఆ మాట యనకున్నచో ఈ వ్యాసము వ్రాయువారెవరో మేమెరుగము.

రాత్రి యంతయు బండిలోనే గడపితిమి. చలికి ఒకరి శాలువ నొకరు పంచుకొంటిమి. మా గృహిణి నీరు త్రాగుమన్నచో "దప్పిక లేదు, మీకుంచండి" అనెను. వైద్యులు నవ్వి, "దప్పిక లేకపోవడం ఆరోగ్యం కాదమ్మా, వయసు. ముసలి ఒంటికి నీరు కావాలి గాని అడగటం మరచిపోతుంది" అని బలవంతముగా గ్రుక్కెడు త్రాగించిరి. నక్షత్రములు కాశీపట్టణపు దీపములవలె క్రిందికి దిగివచ్చినట్లుండెను. వానిని చూచి ఆనందించు స్థితిలో మాలో నెవ్వరును లేరు. మేమిచ్చట నున్నామని ఈ భూమిమీద ఎవరికి తెలియును? ఈ ప్రశ్న మాకు అర్ధరాత్రి దాటిన పిదప తోచెను. లాస్ వేగాసుకు పోయితిమని మాత్రము కోడలికి తెలియును. రాజమార్గము విడిచితిమని తెలియదు. మేమే తెలియనీయలేదు.

తెల్లవారిన రెండుగంటలకు, పనిమీద ఆ దారిన వచ్చిన గని కార్మికు డొకడు మమ్ము చూచి, ఆగి, వేడి కాఫీ యిచ్చి, త్రాడు కట్టి బండిని లాగివేసెను. డబ్బు పుచ్చుకొనలేదు. ఎదుటి కొండలవైపు చేయి చూపి, "పోయిన సంవత్సరం ఆ కొండలలో మీ వయసువారినే వెదికాము" అని మాత్రము చెప్పెను.

ఆ వృత్తాంతమును పిమ్మట పత్రికలలో చదివితిమి. 2022 మార్చి 27వ తేదిని, డెబ్బదియేండ్లకు అటునిటుగా నున్న దంపతు లిరువురు, లోపల పడకయు వంటయు గల పెద్ద మోటారుబండిలో, వెనుక చిన్నకారు కట్టుకొని, ఒరెగాన్ రాష్ట్రమునుండి అరిజోనాలోని టూసన్ నగరమునకు పోవుచు, మేము దాటివచ్చిన లూనింగ్ అను ఊరియొద్ద కెమేరాకు చిక్కిరి. తరువాత కనబడలేదు. వారి కొరకు ఎదురుచూచువారు లేకపోలేదు. గమ్యము తెలియును, దారి తెలియదు. ఏప్రిల్ 5వ తేదిని సిల్వర్ పీక్ దగ్గరి కొండలలో వారు దొరికిరి. పెద్దబండి దిగబడగా చిన్నకారులో బయలుదేరిరట; అదియు దిగబడెను. భార్య ప్రాణములతో నుండెను. భర్త అప్పటికే మరణించియుండెను. తొమ్మిది దినములు! మేము గడపినది ఒక్క రాత్రి. ఆ యొక్క రాత్రితో తొమ్మిది దినములను కొలుచుకొని చూచితిమి, కొలత యందలేదు.

ఫోనునకు ప్రాణము వచ్చిన చోట మొదట వినబడినది మా కోడలి యేడుపు. రీనోకు మరలివచ్చిన నాటి రాత్రి ఆమె ఒక కాగితమును మాముందుంచెను. మేము చేరితిమన్న వార్త రానందున, రాత్రి పదిగంటలకు ఆమె షెరీఫు కార్యాలయమునకు ఫోను చేసినదట. ఆ దేశమున జిల్లా పోలీసుల పెద్దను షెరీఫు అందురు. ఆ రాష్ట్రమున తప్పిపోయినవారిని వెదకించు భారము సాధారణముగా ఆయనదే. అవతలివారు ఓర్పుతో ఒక్కొక్క ప్రశ్న వేసిరి. ఆమె వానిని వ్రాసికొనెను. ఏ దారిన బయలుదేరిరి? మధ్యలో ఎచ్చట ఆగుదుమనిరి? చివరగా మాటాడినది ఎప్పుడు? బండి సంఖ్య యేమి? నీరెంత యున్నది? ఏ మందులు వాడుదురు? మతిమరుపు కలదా? ఏమి తొడిగికొనిరి? చెప్పుల అడుగు ఎట్టిది? ప్రతి ప్రశ్నకెదురుగను ఆ పిల్ల "తెలియదు" అని వ్రాసియుండెను. ఒక్కదానికి మాత్రము జవాబు కలదు: బండి రంగు తెలుపు. దానికెదుట కూడ ఒక ప్రశ్నార్థకము.

"చెప్పుల అడుగు వారికేల?" అని మేమడిగితిమి. నేలమీద జాడ దొరికినచో అది మీదియో ఇతరులదియో తెలిసికొనుటకట. ఈ జవాబు మమ్ము కదలించెను. మాకు శత్రువులు కాని, చుట్టములు కాని కానివారు, ఎన్నడును మా ముఖము చూడనివారు, మా చెప్పుల అడుగు ఎట్లుండునని విచారించుచుండిరి. మమ్ము ప్రేమించునది, మా మాత్రల పెట్టె నింపునది, ఏ దారి యని అడిగినందుకు చీవాట్లు తినెను.

తరువాత కొన్ని మాసములు మేము వెదకులాటను గూర్చియే చదివితిమి. అదియొక శాస్త్రము. రెండవ ప్రపంచయుద్ధకాలమున సముద్రములో శత్రువుల జలాంతర్గాములను పట్టుటకై గణితజ్ఞులు కల్పించిన లెక్కలే నేడు కొండలలోను ఎడారులలోను తప్పిపోయినవారికి ప్రాణాధారములైనవి. వెదకువారు మొట్టమొదట అడుగునది "చివరగా ఎచ్చట కనబడిరి?" అని. ఆ చోట సూది గ్రుచ్చి దానిచుట్టు వలయము గీయుదురు. బండి గంటకు అరువది కిలోమీటర్లు పోవుననుకొందము. ఒక గంటకు వలయము లోపలి నేల 11,300 చదరపు కిలోమీటర్లు. రెండు గంటలకు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 45,200. లెక్కల పంతులుద్యోగము చేసిన మేము ఈ సూత్రమును ఎన్నివేల పిల్లలకు బోధించితిమో! వలయము నడుమ మేమే యుండగా గాని దాని యర్థము మాకు తెలియలేదు.

ఆ నేలను ముక్కలుగా పంచుకొని, ఏ ముక్కలో దొరకుట కెంత యవకాశమో లెక్కగట్టి, విమానములతోను, జీపులతోను, కుక్కలతోను, కాలినడకను వెదకుదురు. వెదకిన చోట లేరనుటయు ఒక సమాచారమే. దానివలన మిగిలిన చోట్ల యవకాశము పెరుగును. ఇట్టి విమానములను నడపు సంఘమొకటి, సివిల్ ఎయిర్ పెట్రోల్ అనునది, 1941 డిసెంబరు 1వ తేదిని పుట్టి నేటికిని స్వచ్ఛందసేవకులతో నడచుచున్నది. తప్పిపోయినవారి నడవడిని గూర్చి రాబర్ట్ కోస్టర్ అను పరిశోధకుడు వేలకొలది సంఘటనలను సేకరించి 2008లో ఒక గ్రంథమును ప్రకటించెను. పసివాని దారి వేరు, వేటగాని దారి వేరు, జ్ఞాపకశక్తి తప్పిన వృద్ధుని దారి వేరు. ఆ వృద్ధుడు ఎదుట ఏదో అడ్డు తగులువరకు పోవుచునే యుండును. పేరు పెట్టి పిలిచినను తరచుగా పలుకడు. కావున అట్టివానిని పిలిచి లాభము లేదు, పొదపొదయు వంగి చూడవలెను.

ఇంత శాస్త్రమును, ఇంత సేవయు, సూది గ్రుచ్చుటకు చోటు తెలిసిన పిమ్మటనే పనికివచ్చును. 2011 మార్చిలో కెనడా దేశపు దంపతులు బండిలో లాస్ వేగాసుకు బయలుదేరి ఒరెగాన్‌లో కడసారి కనబడి, నెవాడా ఉత్తరభాగపు కొండలలో బురదలో చిక్కిరి. వారికి అరువదియేండ్లు నిండలేదు. వారికిని దారి చూపినది యంత్రమే. భర్త సహాయమునకై కాలినడకను పోయెను. భార్య బండియొద్దనే యుండి, ఉన్న కొద్దిపాటి తినుబండారమును రోజుకింతయని పంచుకొని, మంచునీరు త్రాగి, 49 దినములు బ్రతికెను. ఆమెను కనుగొన్నవారు వేటకై వచ్చినవారు. భర్త యవశేషములు మరుసటి సంవత్సరము, 2012లో గాని దొరకలేదు. ఒక రాష్ట్రమున కనబడి వేరొక రాష్ట్రమున చిక్కిన వారికి వలయమెచ్చట గీయవలెను? బండి నాకాశమునుండి చూడగలము, మనిషిని చూడలేము. వైద్యులవారి భార్య తలుపునకడ్డము పెట్టిన చేయి ఎంత విలువైనదో ఈ కథ చదివిన నాడు మరల తెలిసికొంటిమి.

ఇప్పుడు మన యాచారమునకు వత్తము. పూర్వులు పెట్టిన నియమమును తప్పనుట తగునా యని కొందరు అడుగవచ్చును. పూర్వులలో నొకరిని సాక్షిగా పిలిచెదము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదిని కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదిని మరలివచ్చిరి. తంతి లేదు, రైలు లేదు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని లోకులనుకొను కాలము. అట్టికాలమున ఆయన ఏ మజిలీలో దిగిరో, ఆ యూరెట్టిదో, ముందుదారి యెట్టిదో తన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా తెలుపుచు వచ్చిరి. ఆ జాబులే 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చుపడినవి. మనవారు దానిని గొప్ప యాత్రాగ్రంథమని కొనియాడుదురు, నిజమే. మాకు మాత్రము అది, నేను ఎచ్చట నున్నానో నాకై విచారించువానికి తెలిసియుండవలెనను వివేకవంతుని దినచర్యగా గూడ కనబడుచున్నది. ఆయన చెప్పుటవలన యాత్ర చెడలేదు గదా!

మాచేత నోరు మూయించినది నిజముగా శకునభయమేనా? ఆలోచించి చూచితిమి. పైపూత శకునము; లోపల నున్నది వేరు. పెద్దలకు అభిమానము. ఎక్కడికని అడిగినచో తమ్ము పసిపిల్లలను చేసితిరని కోపము. "ఇంకను మాకు కాపలాయా?" అని మనసు నొచ్చును. పిన్నలకు మొగమోటము. అడిగినచో పెత్తనమనుకొందురేమో, అడుగకున్నచో ఉదాసీనతయనుకొందురేమో యని తడబడుదురు. కోడలికైతే మరియు కష్టము. కుమార్తె యడిగినచో ముద్దు, కోడలడిగినచో ఆరా! ఈ యభిమానమునకును, ఈ మొగమోటమునకును "ఎక్కడికని అడుగరాదు" అను మాట చక్కని ముసుగైనది. ముసుగును తీసివేసినచో మిగులునది ఒకరికొకరము భారము కారాదను కోరిక. ఆ కోరిక మంచిదే. కాని చెప్పకపోయినవాడు తన భారమును తప్పించినవాడు కాడు; ఆ రాత్రి మా కోడలి తలమీద పెట్టిపోయినవాడు.

కావున పెద్దలైన చదువరులకు మా మనవి యిది. దూరము పోవునప్పుడు గమ్యము చెప్పుట చాలదు, దారి చెప్పుడు. దారి మారినచో, ఫోను పలుకుచోటనే ఆ మార్పు చెప్పుడు. "ఇన్ని గంటలకు మా మాట వినబడకున్నచో వెదకుడు" అని గడువు చెప్పుడు. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున నీరుంచుకొనుడు. మాత్రలు ఒకరోజుకు మించి తీసికొనుడు. బండి చెడినచో దానిని విడువకుడు. యంత్రము మన్నుదారిని చూపినచో, అదెంత మధురముగా పలికినను, వచ్చినదారినే మరలుడు. పిన్నలకు మనవి ఒక్కటియే: అడుగుడు. కసరినను అడుగుడు.

మేము స్వదేశమునకు వచ్చి కొంతకాలమైనది. పోయిన మాఘమాసమున కాశికి బయలుదేరుచుండగా రీనోనుండి కోడలు ఫోను చేసెను. క్షేమసమాచారములు ముగిసిన పిదప ఆ పిల్ల ఏదో అడుగబోయి ఆగెను. మా గృహిణి ఆ యాగుటను కనిపెట్టెను. కొంతసేపు మాటాడలేదు. తరువాత, "రాసుకో అమ్మా," అని రైలు సంఖ్యయు, బోగీ సంఖ్యయు, దిగబోవు సత్రము పేరును, తిరిగివచ్చు తేదియు నిదానముగా చెప్పెను. అన్నియు చెప్పిన పిదప, మావైపు చూచి కొంచెము సిగ్గుపడి, మరియొక మాట చేర్చెను: "మావయ్యగారివి గోధుమరంగు తోలు చెప్పులు. అడుగున అడ్డగీతలుంటాయి."